హార్ట్‌మన్ 352: స్కోరు చూసి సంబరపడేవాళ్లకు

మళ్లీ అదే వీడియో. ఎర్రక్షరాల థంబ్‌నెయిల్, మీద "352", కింద "ఎవరూ కొట్టలేని రికార్డు", వెనకాల మోత మోగిపోయే బీజీఎం. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ ఫైటర్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ 352 విమానాలు కూల్చాడు, బార్క్‌హార్న్ 301, గుంటర్ రాల్ 275. అమెరికాలో అందరికన్నా ముందున్న రిచర్డ్ బాంగ్‌కి 40, సోవియట్ పైలట్ కోజెదూబ్‌కి 62. కాబట్టి జర్మన్లు మొనగాళ్లు, మిగతావాళ్లు మందబలంతో గెలిచారు, ఇదీ కామెంట్లలో తీర్పు. అంకె అబద్ధమని అనడం లేదు. ఆ అంకె దేన్ని కొలుస్తోందో ఒక్కడూ అడగడేం?

ముందు భాగహారం చేద్దాం. హార్ట్‌మన్ 1942 అక్టోబరులో తూర్పు రంగంలో, అంటే సోవియట్‌లతో పోరు సాగినచోట, జేజీ 52 అనే జర్మన్ ఫైటర్ దళంలో చేరి, 1945 మేలో యుద్ధం ముగిసేదాకా ఎగిరాడు. సుమారు 1,400 సార్టీలు (ఒక్కో సార్టీ అంటే యుద్ధానికి ఒకసారి ఎగిరి రావడం), అందులో 825 సార్లు శత్రువుతో తలపడ్డాడు. అంటే దాదాపు 2.3 పోరాటాలకు ఒక విమానం. కోజెదూబ్ 1943 మార్చిలో రంగంలోకి దిగాడు. 330 సార్టీలు, 120 పోరాటాలు, 62 విమానాలు. 1.9 పోరాటాలకు ఒకటి! ఇప్పుడు చెప్పండి, ఎవడి చెయ్యి వాటం? సార్టీల లెక్కన చూస్తే హార్ట్‌మన్‌దే కాస్త పైచేయి, నాలుగు సార్టీలకొకటి. తేడా ఉంది, కానీ 352కీ 62కీ ఉన్నంత తేడా కాదు. అసలు తేడా సార్టీల సంఖ్యలో ఉంది.

అన్ని సార్టీలు ఎందుకొచ్చాయంటే జర్మన్ పైలట్‌కి "నీ వంతు అయిపోయింది, ఇంటికి పో" అనేవాడు లేడు. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన అమెరికన్ ఫైటర్ పైలట్‌కి 200 గంటల పోరాట విధులతో ఒక టూర్ పూర్తయ్యేది, తర్వాత దాన్ని 300 దాకా పెంచారు. అది దాటితే వెనక్కి. అలా వెళ్లినవాళ్లలో చాలామంది ట్రైనింగ్ స్కూళ్లలో కొత్తవాళ్లకు పాఠం చెప్పారు. జర్మన్ వాయుసేన లుఫ్ట్‌వాఫెలో సెలవులున్నాయి, ఆసుపత్రి ఉంది, టూరు మాత్రం లేదు. చచ్చేదాకా, అవిటివాడయ్యేదాకా, లేదా పదవి పెరిగి కుర్చీలోకి పోయేదాకా ఎగరాల్సిందే. పైగా తూర్పు రంగంలో ఎయిర్‌ఫీల్డ్ యుద్ధరేఖకు పక్కనే ఉండేది. ఎగిరిన కాసేపటికే శత్రువు ఎదురు, రోజుకు నాలుగైదు సార్టీలు. బాంబర్లకు కాపలాగా బెర్లిన్ దాకా వచ్చిపోయే అమెరికన్ ఫైటర్ ముస్టాంగ్ పైలట్‌కి అయిదారు గంటల ప్రయాణంలో ఒక్క జర్మన్ విమానమైనా కనిపించని రోజులు బోలెడు.

కూల్చిన లెక్కల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అన్ని పక్షాలూ ఎక్కువే రాసుకున్నాయి. 1940 సెప్టెంబరు 15న 185 కూల్చామని బ్రిటన్ చాటుకుంది, జర్మన్లు నిజంగా పోగొట్టుకున్నవి అరవై లోపు. జర్మన్ పద్ధతి కాగితం మీద కఠినమే. టైము, చోటు, ఎత్తు, సాక్షి, అన్నీ నింపాలి. ఒక విమానం ఒకడి ఖాతాలోకే, అమెరికన్లలా సగం పంచుకోవడాలు లేవు. ఇద్దరు కలిసి కూల్చినా పేరు ఒకడిదే. ఆ పేరు ఎక్కువగా ముందున్న లీడర్‌ది అయ్యేది, ఎందుకంటే వింగ్‌మన్ ఉద్యోగం లీడర్ తోక కాయడం. ఇద్దరేసి జోడీ, రెండు జోడీలు కలిస్తే ష్వార్మ్. జర్మన్ పైలట్ మోల్డర్స్ స్పెయిన్ అంతర్యుద్ధంలో 1938లో పదునుపెట్టిన ఈ పద్ధతి అద్భుతమైనదే, తర్వాత అందరూ కాపీ కొట్టారు. కాకపోతే స్కోరుబోర్డు మీద అది లీడర్ల పేర్లనే పెంచుతుంది.

హార్ట్‌మన్ పద్ధతిలో విన్యాసాలేమీ లేవు. చూడు, ఆలోచించు, కొట్టు, తప్పుకో. గింగిరాలు తిరుగుతూ పోట్లాడటం ఆయనకు గిట్టదు. ఎదుటి విమానం అద్దం నిండా కనిపించేదాకా ట్రిగ్గర్ నొక్కడు, వంద మీటర్ల లోపుకు వెళ్లాకే కాల్పు. దీనికి లెక్క ఉంది. ఆయన నడిపిన మెసర్‌ష్మిట్ 109 జీ-6 ఫైటర్‌లో 20 మి.మీ. ఫిరంగి ఒక్కటే. అది ఇంజన్ మధ్యలోంచి, ప్రొపెల్లర్ బొడ్డులోంచి కాలుస్తుంది. గుళ్లు 200, సెకనుకు పన్నెండు చొప్పున పదిహేడు సెకన్లలో ఖాళీ. దగ్గరికెళితే గుండు కిందికి జారే లెక్కా అక్కర్లేదు, ముందుకు గురిపెట్టే లెక్కా అక్కర్లేదు. ప్రమాదమేంటంటే పేలిన విమానం ముక్కలు మన రేడియేటర్‌కే తగులుతాయి. ఆయన డజనుకు పైగా సార్లు విమానాన్ని పొలాల్లో దించుకోవాల్సి రావడానికి పెద్ద కారణం అదే.

ఇదే జీ-6ని జర్మనీ ఆకాశంలో అమెరికన్ బాంబర్లు బీ-17ల గుంపు మీదికి పంపండి, కథ మారిపోతుంది. ఒక బీ-17ని కూల్చాలంటే 20 మి.మీ. గుళ్లు సుమారు ఇరవై తగలాలి. సగటు పైలట్ కాల్చినవాటిలో తగిలేవి రెండు శాతం. అంటే వెయ్యి గుళ్లు. విమానంలో ఉన్నవి 200. వెనక నుంచి వెళితే తోక గన్నర్లు కాచుకుని ఉంటారు. అందుకే 1942 చివర్లో జర్మన్ పైలట్ ఎగాన్ మేయర్ ఎదురుగా వెళ్లి కొట్టే పద్ధతి తెచ్చాడు, ముందు తుపాకులు తక్కువ కాబట్టి. అయితే రెండు విమానాలూ ఎదురెదురుగా వస్తే దూరం సెకనుకు రెండు వందల మీటర్లకు పైగా తరిగిపోతుంది. 600 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 200 దగ్గర తప్పుకుంటే చేతిలో ఉన్నది రెండు సెకన్లు, పాతిక గుళ్లు. కొత్త కుర్రాడు ఆ రెండు సెకన్లలో కళ్లు మూసుకోకుండా ఉంటే అదే గొప్ప. సరే, రెక్కల కింద ఇంకో రెండు ఫిరంగులు తగిలించారు. బాంబర్‌కి అవి చాలా మంచివి. కానీ ఆ బరువుతో విమానం మందగించింది, ముస్టాంగ్ కంటపడితే తప్పించుకోలేని స్థితి. అందుకే 1944 జనవరి నుంచి ఏప్రిల్ లోపు వెయ్యి మందికి పైగా పగటి ఫైటర్ పైలట్లు పోయారని జర్మన్ ఫైటర్ దళాల అధిపతి గాలండ్ స్వయంగా పైవాళ్లకు రిపోర్టు రాశాడు. ఎగాన్ మేయర్ కూడా ఆ మార్చిలోనే పోయాడు.

పోయినవాళ్ల చోటులోకి ఎవరొచ్చారు? థంబ్‌నెయిల్ గాళ్లు ముట్టుకోని ప్రశ్న ఇది. 1942 శరత్కాలం దాకా జర్మన్ ఫైటర్ పైలట్‌కి సుమారు 240 గంటల శిక్షణ ఉండేది. 1944 రెండో సగానికి అది 110కి పడిపోయింది, అందులో యుద్ధ విమానం మీద ముప్పై గంటలు ఉంటే ఎక్కువ. అదే సమయంలో అమెరికన్ కుర్రాడు 300 గంటలు దాటాకే యుద్ధానికి వచ్చేవాడు. స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కిన జర్మన్ సైన్యానికి తిండి మోయడానికి శిక్షణ స్కూళ్లలోని యుంకర్స్ 52 రవాణా విమానాలనీ, వాటితోపాటు ఇన్‌స్ట్రక్టర్లనీ పంపారు. విత్తనాల వడ్లు వండుకు తిన్నారు. ఆ రవాణాలో 488 విమానాలు పోయాయి. మేఘాల్లో పరికరాలు చూసి ఎగరడం నేర్పాల్సినవాళ్లే పోయాక, కొత్తవాడు మబ్బులోకి దూరితే బయటపడటం వాడి అదృష్టం.

పైగా 109 కొత్తవాణ్ని క్షమించే విమానం కాదు. చక్రాల కాళ్లు రెక్కలకు కాకుండా పొట్టకు బిగించారు. రెక్కలు ఊడదీసినా విమానం కాళ్ల మీదే నిలబడుతుంది, రైల్లో పంపడం తేలిక, అదీ ఉద్దేశం. ఫలితం, చక్రాల మధ్య ఎడం రెండు మీటర్లే. ముక్కు ఎత్తి ఉంటుంది, ఎదురుగా రన్‌వే కనపడదు. థ్రాటిల్ ఒక్కసారి తోస్తే 1,475 గుర్రాల ఇంజన్ విమానాన్ని ఎడమకు లాగేస్తుంది. కుడికాలితో రడ్డర్ (తోక చుక్కాని) తొక్కిపట్టి, థ్రాటిల్ మెల్లగా పెంచుతూ, తోక తొందరపడి లేపకుండా ఉండాలి. తడబడితే విమానం పక్కకు తిరుగుతుంది, బరువంతా బయటి కాలి మీద పడుతుంది, కాలు విరుగుతుంది, రెక్క నేలకు గీసుకుంటుంది. గాల్లోకి లేచాక కూడా రడ్డర్‌ని ఒక చోట నిలిపి ఉంచే ట్రిమ్‌ని కాక్‌పిట్ నుంచి సర్దుకునే వీలు లేదు, కాలితో తొక్కుతూనే ఉండాలి. వంద గంటల కుర్రాడికి ఇచ్చిన బండి ఇది.

విమానాల కొరత అనుకుంటున్నారా? 1944 సెప్టెంబరులో ఫైటర్ల ఉత్పత్తి యుద్ధం మొత్తంలోనే గరిష్ఠం, సుమారు 3,000. అందులో ఫ్లోసెన్‌బుర్గ్, గూసెన్ కాన్‌సెంట్రేషన్ క్యాంపుల ఖైదీల చేత ఆకలితో మాడుస్తూ చేయించిన మెసర్‌ష్మిట్ భాగాలు ఉన్నాయి. "యుద్ధవీరుల మచ్చలేని గాథ" అని మురిసేవాళ్లు దీన్నీ ఆ వీడియోలో పెట్టొచ్చు కదా. కరవల్లా పెట్రోలుకు. మే 12న లొయినా తదితర సింథటిక్ చమురు కర్మాగారాల మీద దాడులు మొదలయ్యాయి. ఏప్రిల్‌లో లక్షా 75 వేల టన్నులున్న విమాన ఇంధన ఉత్పత్తి సెప్టెంబరుకు పదివేల స్థాయికి దిగింది. మొదటి కోత శిక్షణ మీదే పడింది.

1945 జనవరి 1న జర్మన్లు చేసిన బోడెన్‌ప్లాటే దాడి చూడండి. మిత్రపక్షాల ఎయిర్‌ఫీల్డుల మీదికి దాదాపు 900 విమానాలు. కొత్తవాళ్లకు దారి తెలియదని యుంకర్స్ 88 విమానాలు ముందు నడిచాయి. రహస్యం పేరుతో సొంత విమాన విధ్వంసక దళాలకు సరిగ్గా చెప్పలేదు, వాళ్లే కొందర్ని కాల్చేశారు. సుమారు 300 విమానాలు, చావులూ ఖైదులూ కలిపి 200 మందికి పైగా పైలట్లు పోయారు. అటువైపు కూడా వందల విమానాలు నేల మీద కాలిపోయాయి. కానీ వాళ్ల పైలట్లలో ఎక్కువమంది విమానాల్లో లేరు, కొద్ది వారాల్లో కొత్త విమానాలొచ్చాయి.

మెసర్‌ష్మిట్ 262 జెట్ ఫైటర్ ఉంటే జర్మన్లే గెలిచేవారనే బ్యాచ్ కూడా ఉంది. దాని యూమో 004 ఇంజన్‌కి నికెల్, క్రోమియం దొరక్క చవక ఉక్కు వాడారు. పాతిక గంటలు నడిస్తే గొప్ప, పది గంటలకే మార్చినవీ ఉన్నాయి. థ్రాటిల్ గబుక్కున తోస్తే ఇంజన్ ఆరిపోతుంది లేదా కాలిపోతుంది. అందుకే దిగేటప్పుడు అది నిస్సహాయం, ముస్టాంగ్‌లు ఎయిర్‌ఫీల్డ్ పక్కనే కాపు కాసేవి. 258 కూల్చిన జర్మన్ పైలట్ నొవోట్నీ 1944 నవంబరు 8న అదే విమానంలో పోయాడు.

ఇక కామెంట్లలోకి ఎలాగూ జర్మన్ల టైగర్, పాంథర్ ట్యాంకులు వస్తాయి. పాంథర్ ఫైనల్ డ్రైవ్ (ఇంజన్ బలాన్ని చక్రాలకు చేర్చే చివరి గేర్లు) సగటున 150 కిలోమీటర్లకే పోయేదని యుద్ధం తర్వాత వాటిని నడిపిన ఫ్రెంచి సైన్యం రాసిపెట్టింది. అది చదివి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.