పదకొండింటికి కింద ఎవరుంటారు?

"ఏ క్లాసమ్మా?"

లిఫ్టులో కనిపించిన పిల్లల్ని పెద్దవాళ్లు మొదట అడిగేది ఇదే. మా అపార్ట్‌మెంట్‌లో ఒక తొమ్మిదేళ్ల పాప ఈ ప్రశ్న వినగానే వాళ్లమ్మ మొహం చూస్తుంది. ఆ పాప బడికి వెళ్లదు, ఇంట్లోనే చదువుకుంటుంది. తల్లి జవాబు పూర్తయ్యేలోపు ఐదో అంతస్తు వచ్చేస్తుంది. తలుపులు మూసుకునే ముందు ఇంకో మాట వినపడుతుంది: "మరి ఫ్రెండ్స్ ఎలా అండీ?"

ఆ మాటలో కాస్త వెటకారం ఉంటే ఉండొచ్చు, విషయం మాత్రం ఉంది. చదువుకైతే దారులున్నాయి. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఇంటి చదువును ప్రత్యేకంగా గుర్తించలేదు, అలాగని పిల్లల్ని ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు శిక్ష కూడా పెట్టలేదు. 14 ఏళ్లు నిండాక ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్షలు రాసుకోవచ్చు. స్నేహితుల్ని ఇచ్చే ఓపెన్ స్కూల్ మాత్రం ఎక్కడా లేదు.

నాకు అర్థమైనంతలో అసలు చిక్కంతా హైదరాబాద్ టైంటేబుల్‌తోనే. ఇంట్లో చదివే పిల్ల పొద్దున పదకొండింటికల్లా ఖాళీ అవుతుంది. ఆ వేళకు కింద ఉయ్యాలల దగ్గర ఎండ తప్ప ఇంకేమీ ఉండదు. బడి పిల్లలు సాయంత్రం బస్సు దిగి, ఏదో ఒకటి తిని, ట్యూషన్‌కి వెళ్లేలోపు వాళ్లకు మిగిలేది ఒక గంట. సరిగ్గా ఆ గంటలోనే మన పాపను కారెక్కించి ఎక్కడో గచ్చిబౌలిలో క్లాసుకు తీసుకెళ్తుంటారు.

ఇంటి చదువుల కుటుంబాలు నెలకోసారి ఒకచోట చేరడం మంచిదే. కొంపల్లి నుంచి ఒకరు, ఎల్బీ నగర్ నుంచి ఒకరు కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి వస్తారు. పిల్లలకు మొదటి గంట సిగ్గుతోనే సరిపోతుంది. ఆట కుదిరే సమయానికి పెద్దవాళ్లకు ట్రాఫిక్ టెన్షన్ మొదలవుతుంది. మళ్లీ నెలకు వచ్చేది సగం మందే. బడిలో ఏ ఏర్పాటూ లేకుండానే దొరికేది ఒకటుంది: అవే మొహాలు, రోజూ. పెన్సిల్ అరువిచ్చుకుంటూ, పోట్లాడి మర్నాడు మళ్లీ పక్కనే కూర్చుంటూ పిల్లలు దగ్గరవుతారు. నెలకోసారి కలిసేవాళ్లకు పోట్లాడుకునే తీరికే ఉండదు.

అందుకే దూరపు పెద్ద కార్యక్రమం కన్నా దగ్గర్లోని చిన్న అలవాటు నయమంటాను. ప్రతి మంగళవారం అదే పార్కు, ముగ్గురు పిల్లలున్నా చాలు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్‌లో పాటలు, నాట్యం, బొమ్మలు వేయడం నేర్పుతారు. వేసవిలో జీహెచ్ఎంసీ మైదానాల్లో నామమాత్రపు ఫీజుకే ఆటల శిక్షణ దొరుకుతుంది. బడుల మధ్య పోటీలకు మన పిల్లలు ఎలాగూ వెళ్లలేరు. చదరంగం లాంటి ఆటల్లో వయసును బట్టి పెట్టే టోర్నమెంట్లలో మాత్రం ఏ బడి అన్నది కాదు, పుట్టిన తేదీయే ముఖ్యం. అక్కడ ఒకే వయసు పిల్లలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటారు.

ఇంకో సంగతి, కాస్త నొప్పించేది. బెంచీ మీద కూర్చుని "షేర్ చేసుకో నాన్నా", "సారీ చెప్పు తల్లీ" అంటుండే అమ్మానాన్నల ముందు ఏ స్నేహమూ ముదరదు. పొద్దంతా టీచర్‌గా ఉన్న మనిషి సాయంత్రమైనా కాసేపు పక్కకు తప్పుకోవాలి. ఇది చెప్పడం తేలిక. మా ఇంట్లో నేనే చేయలేకపోయాను.

ఇక సెల్లార్ సంగతి. ఇరవై కిలోమీటర్ల అవతల స్నేహితుల్ని వెతికే మనకు వాచ్‌మన్ పిల్లలు కనిపించరు. ప్రభుత్వ బడి నుంచి రాగానే వాళ్లు సెల్లార్‌లోనే ఉంటారు, వాళ్లకు ట్యూషనూ లేదు, కరాటే క్లాసూ లేదు. "సోషల్ స్కిల్స్" గురించి గంటలు గంటలు మాట్లాడుకునే మనం మన పిల్లల్ని ఆ నాలుగు మెట్లు దిగనివ్వం.

మొన్న దసరా సెలవుల్లో లిఫ్టు మూడు రోజులు పనిచేయలేదు. ఐదో అంతస్తు పాప ఎక్కుతూ దిగుతూ అలసిపోయి కిందే ఆగిపోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు లిఫ్టు బాగానే ఉంది. అయినా సాయంత్రమైతే సెల్లార్‌లో, కార్ల మధ్య ముగ్గు పిండితో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లలో ఇద్దరాడపిల్లలు గెంతుతూ కనిపిస్తున్నారు. వాళ్లలో ఒకతి నాలుగో తరగతి. రెండోది ఏ క్లాసో మొదటిది ఇంతవరకూ అడగలేదట.