గాలిని కడిగిన యంత్రం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గాలిశుద్ధి యంత్రం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి మీ ఓడల్లో కుశలంగా మిగిలినవాళ్లు తక్కువ. 1841 ఆగస్టులో ఆల్బర్ట్, విల్బర్‌ఫోర్స్, సూడాన్ అనే మూడు ఇనుప ఆవిరి ఓడలు ఆఫ్రికాలో నైజర్ నదిలోకి వెళ్లాయి. చిత్తడినేలల చెడుగాలి పీల్చితే జ్వరం వస్తుందని అప్పటి వైద్యుల నమ్మకం. అందుకే డాక్టర్ రీడ్ మిమ్మల్ని తయారుచేశారు. రసాయనాలు నింపిన ఇనుప పెట్టె, అందులోంచి గాలిని లాగే ఫ్యాను, ఆ గాలిని కింది గదులకు చేర్చే గొట్టాలు. అసలే ఇరుకు ఓడ, అందులో మీ గొట్టాలు!

పైగా మీ ఫ్యాను తిప్పేది ఇంజినే. నది మీద ఆవిరి పుట్టించడమంటే మాటలా? బొగ్గు ఎక్కడంటే అక్కడ దొరకదు, ఒడ్డున ఆగి కట్టెలు కొట్టుకోవాలి. పచ్చి కట్టె పొగే తప్ప వేడి ఇవ్వదు. బాయిలర్‌లోకి తోడేది బురదనీరు. ఒండ్రు అడుగున గట్టకడితే కింది మంట వేడి నీటికి చేరదు, రేకు ఎర్రగా కాలి ఉబ్బుతుంది. కాబట్టి అడుగునీళ్లు మధ్యమధ్య బయటికి వదలాలి, దాంతోపాటు కాచిన వేడీ పోతుంది. ఇంత చాకిరీ చేసి పుట్టించిన ఆవిరిలో తమరికో వాటా.

సెప్టెంబరు మొదటివారంలోనే జ్వరాలు మొదలయ్యాయి. 145 మంది యూరోపియన్లలో 130 మంది మంచం పట్టారు, 40 మందికి పైగా పోయారు. ఆల్బర్ట్‌లో ఇంజనీర్లు కూడా పడిపోయాక ఇంజిన్ దగ్గర నిలబడింది ఎవరో తెలుసా? భూగర్భ శాస్త్రజ్ఞుడు స్టాంజర్. ఓడను నది దించింది వైద్యుడు మెక్‌విలియం. రాళ్లు చూసేవాడికి ఇంజిను, నాడి చూసేవాడికి చుక్కాని! మీరు మాత్రం ఏ విధీ మారకుండా, శుభ్రమైన గాలి సరఫరా చేసే హోదాలోనే ఉన్నారు.

1854లో ప్లియడ్ అనే ఓడలో బైకీ దొర అదే నది ఎక్కి, యూరోపియన్లలో ఒక్కరినీ పోగొట్టుకోకుండా దిగాడు. జ్వరం రాకుండా రోజూ కాస్త క్వినైన్ మందు, ద్రాక్షసారాలో కలిపి. చేదు మింగలేనివాళ్లకు ఆ సారా ఉపాయం బాగానే పనిచేసి ఉంటుంది.

ఆ జ్వరాల అసలు దొంగ దొరికింది మా సికింద్రాబాద్‌లో. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమకు మీ పెట్టెతో, మీ గొట్టాలతో పనే లేదండీ. పొద్దుగూకాక తిన్నగా డెక్కు మీదికే వచ్చి కుట్టేది.

ఇట్లు,
తమ గొట్టాలకు తల తగిలించుకున్నవారి తరఫున