గ్రూపుకి తాళం వేశారు, సరే. తీసేదెప్పుడు?

ఉగాది వేడుకల మర్నాడు పొద్దున్నే, ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపు తెరిచి చూస్తే అడుగున ఒకటే లైను, అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపగలరని. ఎందుకో చెప్పలేదు, ఎన్నాళ్ళో చెప్పలేదు. ముందు రోజు రాత్రి ఏం జరిగిందో మీలో చాలామంది చూసినవాళ్ళే కాబట్టి మొత్తం ఏకరువు పెట్టను. భోజనాల లైనులో పెద్దవాళ్ళు చాలాసేపు నిలబడాల్సి వచ్చిందని, వాళ్ళకి వేరే టేబుల్ పెడితే బాగుండేదని ఒకావిడ రాసింది. మర్యాదగానే రాసింది, చివర దండం బొమ్మ కూడా పెట్టింది. దాని కింద ఒకాయన "వాలంటీర్లు మీ పనివాళ్ళు కాదండీ" అన్నాడు. ఇంకొకాయన కేటరింగ్ ఎవరి బంధువులకి ఇచ్చారో గుర్తుచేశాడు. అక్కణ్ణుంచి కిందటి ఎన్నికలకీ, ఎన్నికల నుంచి కులానికీ రావడానికి ఎంతోసేపు పట్టలేదు. పెద్దవాళ్ళకి పులిహోర అందలేదన్న అసలు సంగతి అప్పటికే అందరూ మర్చిపోయారు. అర్ధరాత్రి దాటాక తాళం పడింది.

తాళం వేసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి రెండు వైపులవాళ్ళూ అడ్మిన్లకి ఫోన్లు చేసి "ముందు ఆయన మెసేజ్ తీయించండి" అని పట్టుబట్టారట. వాళ్ళూ ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్ళే, పైగా ఇది జీతం లేని పని, అప్పటికప్పుడు గొడవ ఆపడానికి వేరే దారి తోచి ఉండదు. కానీ ఆషాఢం కూడా వచ్చేసింది, తాళం ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు ఆ గ్రూపులో వచ్చేవి ఫ్లయర్లు. స్పాన్సర్ల లోగోలు, టికెట్ల లింకు, మళ్ళీ స్పాన్సర్ల లోగోలు. కింద బొటనవేలు బొమ్మ పెట్టడం తప్ప మనం చేయగలిగిందేమీ లేదు.

ఇందులో నాకు అంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే మా పిన్ని సంగతి చెప్పాలి. పోయిన చలికాలం పిన్ని విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. బయటంతా మంచు, కాలు బయటపెడితే జారిపడుతుందేమోనని మా భయం, మేం ఆఫీసులకి పోతే పగలంతా ఆవిడకి టీవీ, కిటికీ. ఏలూరులో అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళందరూ ఆగి పలకరించి పోయే మనిషి. ఎవరో ఆవిణ్ణి మన గ్రూపులో చేర్చారు. ఇక రోజూ పొద్దున్నే ఒక గులాబీ, దాని మీద నీటి చుక్కలు, కింద శుభోదయం. శనివారమైతే వెంకటేశ్వరస్వామి, గురువారమైతే సాయిబాబా. నాకు సిగ్గేసేది, చెప్పొద్దూ. "ఇలాంటివి ఆ గ్రూపులో పెట్టకూడదు పిన్నీ" అంటే, "ఎవరు చెప్పారు? ఆ తెనాలి ఆయన రోజూ పెడుతున్నాడుగా" అంది.

తెనాలి ఆయన కూతురి దగ్గరికి వచ్చినాయన. గులాబీకి బదులుగా ఒక పద్యం పెట్టేవాడు. వరంగల్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒకావిడ ఆ పద్యంలో తప్పు దిద్దేది, దిద్ది "ఇయ్యాల ఏం వండుకున్నరు?" అని అడిగేది. సర్వపిండికీ చెక్కలకీ తేడా ఏమిటని వీళ్ళ ముగ్గురికీ నడిచిన వాదన రెండు మధ్యాహ్నాలు సాగింది. మేం మీటింగుల్లో కూర్చుని విసుక్కుని మ్యూట్ చేసుకున్న ఆ టింగుటింగులే వాళ్ళకి పగటిపూట ఉన్న మనుషులు. ఒకసారి పిన్నికి జ్వరం వచ్చి ఫోను ముట్టుకోలేదు. గులాబీ రాకపోయేసరికి వరంగల్ ఆవిడ కంగారుపడి మా ఇంటికి ఫోన్ చేసింది. సాయంత్రం తెనాలి ఆయన అల్లుడు ఫ్లాస్కులో మిరియాల చారు పట్టుకొచ్చాడు. అంతకుముందు ఆ అబ్బాయిని సంక్రాంతి ముగ్గుల పోటీ దగ్గర చూశానే తప్ప నాకు పేరు కూడా తెలియదు.

ఇంతవరకూ చదివి, గులాబీలు ఉండాలనే వాదిస్తున్నానని అనుకోకండి. అదే చలికాలంలో ఒక రాత్రి యూనివర్సిటీలో చదువుకుంటున్న అబ్బాయి ఒకడు కడుపునొప్పి తట్టుకోలేకపోతున్నానని, ఇన్సూరెన్స్‌కి ఏ ఆస్పత్రి పనికొస్తుందో తెలియడం లేదని, ఎవరైనా తోడు రాగలరా అని గ్రూపులో రాశాడు. ఆ రోజు మన కమిటీలో ఒకరి బాబుకి మొదటి పుట్టినరోజు. ఆ అబ్బాయి మెసేజ్‌కి పైనా కిందా కేకులూ బెలూన్లూ దీవెనలూ, వేలు నొప్పెట్టేదాకా పైకి జరిపితే గానీ కనపడదు. పొద్దున్న ఎవరో చూసి ఫోన్ చేసేసరికి రూమ్మేటు టాక్సీలో తీసుకెళ్ళి చేర్పించాడట. ప్రాణానికి ఏమీ కాలేదు. తర్వాత ఆ అబ్బాయి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. 2022 నుంచి ఎవరైనా గ్రూపు వదిలి వెళ్తే అడ్మిన్లకి తప్ప మిగతావాళ్ళకి చప్పుడు కూడా ఉండదు కదా, కాబట్టి వెళ్ళిన సంగతీ ఎవరికీ తెలియలేదు.

గులాబీ పెట్టిన పిన్నిది తప్పు కాదు, పుట్టినరోజు దీవెనలు పెట్టినవాళ్ళదీ కాదు. వంటా పడకా పూజా పిల్లల చదువూ అన్నీ ఒకే గదిలో పెట్టుకుని సర్దుకుపొమ్మంటే ఎలా కుదురుతుంది? 2022 నవంబరులో వాట్సాప్ కమ్యూనిటీలు అని ఒక ఏర్పాటు తెచ్చింది. ప్రకటనల గ్రూపు ఒకటి, అందులో అడ్మిన్లు మాత్రమే రాస్తారు, దాని కింద ఎవరికి కావలసిన గ్రూపులో వాళ్ళు చేరొచ్చు. ఆ ప్రకటనల గ్రూపులో మన ఫోన్ నంబరు మనల్ని కాంటాక్టుల్లో పెట్టుకోని మిగతా సభ్యులకి కనిపించదు, ఇది మన ఆడపిల్లలు చాలాకాలంగా అడుగుతున్నది. అప్పుడే వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా చేరే వీలూ ఇచ్చింది. మనవాళ్ళు ఆ రెండోది వెంటనే వాడుకున్నారు, మొదటిది వదిలేశారు. జనాన్ని మాత్రం పెంచి, గదులు పెంచలేదన్నమాట.

కమిటీ మీటింగులో ఈ మాట ఎత్తితే ఒకాయన "ఇప్పటికే అపార్ట్‌మెంటు గ్రూపు, గుడి గ్రూపు, మన బడి గ్రూపు, పాట్‌లక్ గ్రూపు, ఇంకెన్ని?" అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయముంది. అందుకే పదో పదిహేనో అడగడం లేదు. ప్రకటనలు, సాయం, కబుర్లు. సాయం గ్రూపులో శుభాకాంక్షలు నిషేధం, మొహమాటం లేకుండా తీసేయాలి. కబుర్లలో గులాబీలు, పద్యాలు, సర్వపిండి. అద్దె ఇళ్ళూ పాత సోఫాలూ వేరే పెట్టాలంటే పెట్టుకోండి, దాని గురించి నాకు అభిప్రాయం లేదు.

ఇక సూచనల విషయం. జనవరిలో కమిటీ ఒక గూగుల్ ఫారం పంపింది, "మీ అభిప్రాయం మాకు ముఖ్యం" అని. నేను నింపాను, మా ఆయనా నింపారు, పిన్ని చేత కూడా నింపించాను (ఆవిడ "అంతా బాగుంది నాయనా" అని రాసింది). ఆ తర్వాత ఆ ఫారం ఏమైందో ఎవరికీ తెలియదు. ఎంతమంది ఏం అడిగారో చెప్పలేదు, ఏది చేస్తారో ఏది చేయలేరో అసలే చెప్పలేదు. అడగకపోయినా ఇంత బాధ ఉండేది కాదు. అడిగి ఊరుకుంటే జనం రెండోసారి నింపరు, నింపకపోతే "సభ్యులకి ఆసక్తి లేదు" అని మినిట్స్‌లో రాసుకుంటారు.

పోల్ పెట్టాం కదా అంటారు. కేటరింగ్ ఎవరికివ్వాలని పెట్టిన పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో నొక్కితే పేర్లతో సహా కనిపిస్తాయి. మనవాళ్ళ సంగతి తెలిసీ ఇది పెట్టారా? వచ్చే శనివారం ఆ కేటరర్ బావమరిది ఇంట్లో సత్యనారాయణ వ్రతం, అక్కడ కూర్చుని ప్రసాదం తినాలి, ఇక ఎవరు కాదని ఓటేస్తారు? మన మొహమాటం మామూలుది కాదు. స్టేజీ దగ్గర "చాలా బాగా చేశారండీ" అంటాం, పార్కింగ్‌లో కారు తలుపు పట్టుకుని గంటసేపు మిగతాదంతా చెప్పుకుంటాం. "ఎందుకొచ్చిన గొడవ" అనే మాట మనలో మర్యాదగా చలామణీ అవుతుంది గానీ, నిజానికి అది పిరికితనమే. అలా దాచుకున్నదంతా ఒక రాత్రి ఒకావిడ పెట్టిన మెసేజ్ కింద బయటపడింది. అదీ ఉగాది రోజు జరిగింది. ఈమెయిల్ అడగని ఫారంలో పోల్ పెడితే పేర్లు బయటికి రావు, అంత చిన్న మార్పు చాలు.

బయటివాళ్ళు ఇలాంటివి ఎలా దిద్దుకున్నారో చూడండి. వికీపీడియాలో చర్చ పేజీలు పాతకాలపువి, జవాబు రాయాలంటే కోలన్లు కొట్టుకోవాల్సి వచ్చేది, చివర సంతకం గుర్తులు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి చర్చించుకునే పేజీకి రచ్చబండ అని చక్కటి పేరుంది గానీ, కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ గుర్తులు చుక్కలు చూపించేవి. 2013 ప్రాంతంలో వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఫ్లో అనే కొత్త పద్ధతి తయారుచేసి తెచ్చింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ రోజూ అక్కడ పనిచేసే చాలామందికి మింగుడుపడలేదు, ఇంగ్లీషు వికీపీడియాలో చివరికి తీసేశారు. 2019లో ముందు జనాన్ని అడిగారు, ఎన్నో భాషల వికీల్లో, నెలల తరబడి. పాత పేజీలే ఉంచి వాటిని సులువు చేయాలన్నది తేలింది. ఇప్పుడు ప్రతి మాట పక్కనా కనిపించే జవాబు మీట అలా వచ్చిందే. ఎవరేం అడిగారో, ఏం తేల్చారో అంతా రాసి బహిరంగంగా పెట్టారు. అంత పెద్ద సంస్థ చేయగలిగిన పనిని, మన సంఘం ఒక పేజీ కాగితం మీద చేయలేదా?

చిన్న చిన్న అడ్డంకులు పెట్టినా జనం మారతారు. 2018లో ఇండియాలో పుకార్ల వల్ల మూకదాడులు జరిగాక అక్కడ ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, బాగా తిరిగొచ్చిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది. దాంతో అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పుకుంది. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ తీసేయలేదు, నాలుగు నొక్కులు ఎక్కువ చేశారు, అంతే. మన దగ్గర కూడా గొడవ ముదిరితే తెల్లారేదాకా ఆపి, ఆపిన కారణం ఒక లైను రాసి, పొద్దున్న తెరవచ్చు. 2022 నుంచి అడ్మిన్లు ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనిపించకుండా తీసేయగలరు కాబట్టి, కులం ఎత్తిన మెసేజ్‌లు తీసేస్తే సరిపోయేది, పెద్దవాళ్ళ టేబుల్ గురించి రాసినావిడ నోరు కూడా నొక్కక్కర్లేదు. ఎన్నికల ప్రచారం మాత్రం ఏ గ్రూపులోనూ వద్దు. మన సంఘం 501(సి)(3), అంటే అమెరికా చట్టం కింద పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ, అభ్యర్థుల ప్రచారం సంఘం వేదికల మీద కుదరదు, ఆ విషయంలో కమిటీ ఎంత కఠినంగా ఉన్నా నేను వాళ్ళ వైపే.

పాతకాలంలో బాగుండేదనే మాట కూడా నేను ఒప్పుకోను. తొంభైల్లో యూజ్‌నెట్ అనే తొలినాళ్ళ ఇంటర్నెట్ చర్చావేదికలో తెలుగువాళ్ళకని ఒక గ్రూపు ఉండేది, ఇంగ్లీషు అక్షరాలతో ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో తెలుగు రాసుకునేవాళ్ళం, అప్పుడూ తగువులాడుకున్నాం. ఒక్క తేడా, అక్కడ వెనక్కి వెళ్ళి వెతుక్కుంటే పాత జవాబు దొరికేది. తర్వాత మనం యాహూ గ్రూప్స్‌కి మారాం, యాహూ ముందు అందులోని పాత ఉత్తరాలు తీసేసి, 2020 డిసెంబరులో దాన్నే మూసేసింది, మన సంఘం మొదటి రోజుల ఉత్తరాలన్నీ అలా పోయాయి. వేపపువ్వు దొరకని ఊళ్ళో ఉగాది పచ్చడి ఎలా చేయాలని అప్పట్లో జరిగిన చర్చ నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. వాట్సాప్‌లో ఓసీఐ (విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) దరఖాస్తు, పురోహితుల నంబర్లు, అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్, ఇవే ప్రశ్నలు నెలనెలా కొత్తగా వస్తుంటాయి, నెలనెలా ఎవరో ఒకరు ఓపిగ్గా మళ్ళీ చెబుతుంటారు. సంఘం వెబ్‌సైటులో ఒక పేజీ పెట్టి ఆ జవాబులు అక్కడ చేర్చండి. బ్యానర్ల ఖర్చుతో పోలిస్తే అదొక లెక్క కాదు.

కమిటీ పెద్దలకి నా విన్నపం ఇంతే. బతుకమ్మ, దసరా పనులు మొదలయ్యేలోపు గ్రూపు తెరవండి, మూడుగా విడదీసి తెరవండి. జనవరి ఫారంలో ఏమొచ్చిందో ఈ పత్రికలోనే వేయండి, చేయలేనివాటికి ఎందుకు చేయలేమో పక్కన రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు. కాపలా పని మొత్తం కమిటీ మీదే వేసుకోకండి, కమిటీలో లేనివాళ్ళని ముగ్గుర్ని పెట్టండి, అందులో ఒకరు స్టూడెంట్ అయి ఉండాలి, ఒకరు పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్ళలోంచి రావాలి. ఆ ఉగాది మెసేజ్ రాసినావిడకి ఎవరో ఒకరు ఫోన్ చేసి పెద్దవాళ్ళ టేబుల్ బాధ్యత ఆవిడకే అప్పగించండి, చేస్తానని నాతో అంది. సాయం గ్రూపు చూసుకోవడానికి ఎవరూ దొరక్కపోతే నా పేరు రాసుకోండి, రాత్రిపూట కూడా ఫోను సైలెంట్‌లో పెట్టను. క్రికెట్ గ్రూపు ఒకటి మొదలుపెడితే దానికి మాత్రం వేరేవాళ్ళని చూసుకోండి.