పాపం అనకండి, వాళ్ల సంతోషం వినండి

ట్రాన్స్‌జెండర్ అనే మాట రాగానే మన ఊళ్లలో సగం మంది "పాపం, ఏ జన్మలో ఏం చేసుకున్నారో" అంటారు, మిగతా సగం రైల్లో చప్పట్లు వినపడగానే కళ్లు మూసుకుని నిద్ర నటిస్తారు. బరంపురం నుంచి పలాస వైపు రోజూ రైల్లో వెళ్లొచ్చే వాళ్లకి ఈ సంగతి మేము చెప్పక్కర్లేదు. పేపర్లో వాళ్ల గురించి వార్త వచ్చిందంటే అది దాడో, గొడవో, ఆత్మహత్యో అయి ఉంటుంది. అవన్నీ జరుగుతున్నాయి కాబట్టి రాయాల్సిందే. కానీ ఇవాళ మేము రాయదలుచుకున్నది వేరు. ట్రాన్స్‌జెండర్‌గా బతకడంలో మంచి ఉంది, తృప్తి ఉంది, మామూలు మనుషులకి అంత తేలిగ్గా దొరకని ఒక ధైర్యం ఉంది. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్న ప్రతి తెలుగింట్లో ఈ మాట వినపడాలి. ఎదిగే పిల్లలున్న ఇళ్లలో మరీను.

ఎందుకంటే ఈ ఊళ్లలో ఎక్కడో ఒక చోట పన్నెండేళ్ల పిల్లాడు ఉంటాడు, తను పిల్లాడు కాదని వాడికి లోపల తెలుసు. తనలాంటి వాళ్ల గురించి వాడు విన్నవి ఏంటి? క్లాసులో వెక్కిరింత, సినిమాలో కామెడీ, ఇంట్లో "అలాంటి వాళ్ల వైపు చూడకు" అనే హెచ్చరిక. తన ముందు ఉన్న జీవితమంతా ఇదే అనుకుంటే ఏ పిల్లకైనా టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? అలాంటి వాళ్లు పెద్దయ్యి ఉద్యోగం చేస్తూ, ఇల్లు నడుపుతూ, నవ్వుతూ, పండక్కి పట్టుచీర కట్టుకుని తిరుగుతున్నారని కూడా ఆ పిల్ల చెవిన పడాలి కదా.

2011లో అమెరికాలో కొందరు మనస్తత్వ పరిశోధకులు, ఎలెన్ రిగిల్, షారన్ రొస్టోస్కీ ఇంకా వాళ్లతో పనిచేసిన వాళ్లు, 61 మంది ట్రాన్స్‌జెండర్లని ఇలా ఉండటంలో మీకు మంచిగా అనిపించేది ఏంటి అని అడిగి, వచ్చిన జవాబులు ప్రచురించారు. అంతవరకు ఇలాంటి పరిశోధనల్లో ఎక్కువ భాగం కష్టాల చుట్టూనే తిరిగేవి. మంచి గురించి అడిగేసరికి వాళ్లు చాలా చెప్పారు. లోపలి మనిషి, బయట కనపడే మనిషి ఒక్కటయ్యారని, దాచాల్సింది లేకపోయాక అయిన వాళ్లతో సంబంధాలు ఇంకా దగ్గరయ్యాయని, ఎదుటివాళ్ల బాధ తమకు ముందే అర్థమవుతుందని, ఆడవాళ్ల లోకం మగవాళ్ల లోకం రెండూ తెలిసినందువల్ల ఏ ఒక్కవైపు నుంచో చూసే వాళ్లకి కనపడనివి తమకు కనపడతాయని, తమ తర్వాత వచ్చే వాళ్ల కోసం పోరాడే శక్తి వచ్చిందని. అమెరికా వాళ్ల మాటలు మనకెందుకు అనొచ్చు. మన స్టేషన్లలో, మన బజార్లలో కనపడే అక్కల దగ్గర కాసేపు తీరిగ్గా కూర్చుని వింటే ఇవే మాటలు తెలుగులో, ఒడియాలో, మధ్యమధ్యలో హిందీ కలిపి వినపడతాయి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఆ మొదటి సంతోషం గురించి. పుట్టినప్పుడు ఆడపిల్లో మగపిల్లాడో అన్నది లోపలి మనిషితో సరిపోయిన వాళ్లకి ఇది ఊహకి అందదు, ఎందుకంటే మనకి మన పేరు ఎప్పుడూ మన పేరే, అద్దంలో కనపడేది ఎప్పుడూ మనమే. ఇరవై ఏళ్లో ముప్పై ఏళ్లో వేరే ఎవరి పేరుకో పలికి, వేరే ఎవరి బట్టలో కట్టుకుని, ఒకరోజు తన పేరుతో తనని ఎవరో పిలిచినప్పుడు ఆ మనిషికి కలిగేది చిన్న విషయం కాదు. కొట్లో గాజులు వేయించుకుంటుంటే కొట్టు ఆమె "ఎరుపు నీకు బాగుంటాదమ్మా" అని మామూలుగా అనడం, ఆసుపత్రి చీటీ మీద తన పేరు తను పెట్టుకున్నట్టే ఉండటం, జుట్టు భుజాల దాకా రావడం, ఇలాంటి వాటికి రోజంతా వెలిగిపోయే మొహాలు ఉంటాయి. మనం తిట్టుకుంటూ లైన్లో నిలబడి చేయించుకునే ఆధార్ కార్డు మార్పు కూడా వాళ్లకి స్వీట్లు పంచుకునే సంగతి అవుతుంది. సొంతంగా ఉండటం అనేదానికి ఎంత విలువ ఉందో తెలియాలంటే వాళ్లనే అడగాలి, మనకి అది ఊరికే వచ్చింది.

ఇక్కడ ట్రాన్స్ మగవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఆడపిల్లగా పుట్టావన్నారు గానీ తను మగవాడు, అలాంటి వాళ్లు మన మధ్యన ఉన్నారు, కానీ వాళ్లు రైళ్లలో కనపడరు, పండగలకి రారు, హిజ్రా అక్కలకి ఉన్నట్టు కలిసి ఉండే గురువుల ఇళ్లు కూడా వాళ్లకి దాదాపుగా లేవు. వాళ్ల కష్టం ఇంటి నాలుగు గోడల మధ్యే జరుగుతుంది, పెళ్లిచూపుల రూపంలో. అలాంటి వాళ్లలో బయటపడి, దూరపు ఊళ్లో పని వెతుక్కుని, జుట్టు కత్తిరించుకుని, లుంగీ కట్టుకుని తన గదిలో తను ఫ్యాన్ కింద పడుకున్న వాడికి దొరికే ప్రశాంతత ఎంత పెద్దదో ఒక్కసారి ఆలోచించండి. వీధిలో ఎవరూ తనని తిరిగి చూడకపోవడమే అతనికి వేడుక.

రెండు వైపులా చూసిన కళ్లు అనే సంగతి మాకు బాగా ముఖ్యమైనదిగా తోస్తోంది. ఒకే మనిషి, అదే గొంతు, అదే చదువు, మగాడనుకున్న రోజుల్లో బ్యాంకులో "చెప్పండి సార్" అన్నారు, చీర కట్టుకున్నాక అదే కౌంటర్లో "మీ ఇంట్లో మగవాళ్లెవరూ రాలేదా" అన్నారు. ఆడవాళ్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్న విషయాన్ని తన ఒంటి మీదే పరీక్షించి చూసిన సాక్షులు వీళ్లు. రెండో వైపు సంగతీ వాళ్లు చెప్పగలరు, మగపిల్లలు ఏడవకూడదు అని పెంచడం లోపల ఎంత పాడు చేస్తుందో. ఇంత తెలిసిన వాళ్లని మన కాలేజీలు పిలిచి మాట్లాడించుకోవాలి. గేటు దగ్గర ఆపేయడం మనకే నష్టం.

తర్వాత గురువు, చేలా, అంటే హిజ్రాల ఇంట్లో పెద్దామె, ఆమె శిష్యురాలు. పుట్టిన ఇల్లు తలుపు వేసేసినప్పుడు తెరిచిన ఇల్లు అది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పిల్ల, కోరాపుట్ కొండల నుంచి వచ్చిన పిల్ల, కటక్ నుంచి వచ్చిన పిల్ల ఒకే గురువు కింద అక్కచెల్లెళ్లవుతారు. ఎవరిది ఏ కులం అన్న ప్రశ్న అక్కడ మన ఇళ్లలో వినపడినంత గట్టిగా వినపడదు. జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేది వాళ్లే, ముసలితనంలో అన్నం పెట్టేది వాళ్లే. అక్కడా అప్పులు ఉంటాయి, జరిమానాలు ఉంటాయి, గురువు మాట దాటితే ఇబ్బందులు ఉంటాయి, ఆ కట్టుబాట్లని ప్రశ్నించే చదువుకున్న చేలాలు ఇప్పుడు వస్తున్నారు, రావాలి కూడా. కానీ రక్తం పంచుకోని మనుషులు ఒకరికొకరు తల్లీ కూతుళ్లుగా జీవితాంతం ఉండిపోవడం అనే గొప్ప పనిని వాళ్లు ఏ ప్రభుత్వ సాయం లేకుండా చేసి చూపించారు.

మన ప్రాంతం వాళ్లకి ఇది తేలిగ్గా అర్థం కావాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో సరిహద్దు గీత గీశారు, పర్లాకిమిడి ఎస్టేట్ రెండు ముక్కలైంది, అప్పటి నుంచి మనల్ని ఇటు వాళ్లు "మీరు తెలుగువాళ్లు కదా" అంటారు, అటు ఆంధ్రాలో చుట్టాలింటికి వెళ్తే "మీరు ఒరిస్సావాళ్లు కదా" అంటారు. కాగితం మీద రాసింది ఒకటి, ఇంట్లో బతికేది ఇంకొకటి అయితే మనిషికి ఎలా ఉంటుందో మనకి మూడు తరాలుగా తెలుసు. రెండు భాషలు రావడం లోటని మనం ఏనాడూ అనుకోలేదు, పైగా గర్వంగా చెప్పుకుంటాం. ఈ పోలిక కొంతవరకే పనికొస్తుంది. చాలామంది ట్రాన్స్ ఆడవాళ్లు మధ్యలో ఉన్నవాళ్లు కారు, వాళ్లు ఆడవాళ్లే. మేము రెండూ కాదు అనేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఏమిటన్నది వాళ్ల నోటి నుంచే వినాలి. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, ఆడ, మగ, మూడో జెండర్, ఏది తనదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే.

బరంపురంలో రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి అమ్మవారి జాత్ర జరిగినప్పుడు మొక్కుకున్న వాళ్లు రకరకాల వేషాలు కడతారు, మగవాళ్లు ఆడవేషాలు కడతారు, ఎవరూ తప్పు పట్టరు, చేతులెత్తి దండం పెడతారు. గంజాం ప్రహ్లాద నాటకంలో రాణి లీలావతిగా మగవాళ్లు వేసి ఊరందరినీ ఏడిపించిన చరిత్ర ఉంది. వేషం తెల్లారేసరికి తీసేసేది, ట్రాన్స్‌జెండర్ బతుకు తీసేసేది కాదు కాబట్టి ఈ రెండూ ఒకటని మేము అనం. కానీ వేషానికి దండం పెట్టే చేతులు మనిషికి నీళ్లు ఇవ్వడానికి వెనకాడటం మాత్రం మాకు అస్సలు మింగుడు పడదు. కొత్త కొట్టు తెరిస్తే హిజ్రా అక్కలు రావాలి, వాళ్లు తిరిగిచ్చిన రూపాయి బిళ్లని గల్లాపెట్టెలో పెట్టుకోవాలి, పుట్టిన బిడ్డని వాళ్ల ఒళ్లో పెట్టాలి, అదే అక్క ఇల్లు అద్దెకి అడిగితే మాత్రం ఖాళీ లేదు. దీవెన కావాలి, పక్కింట్లో మనిషి వద్దు!

ఈ రాష్ట్రంలోనే చూడండి. గంజాం పక్కనున్న కంధమాల్ జిల్లా నుంచి వచ్చిన ఐశ్వర్య ఋతుపర్ణ ప్రధాన్ 2010లో మగ అధికారిగా ఒడిశా ఆర్థిక సేవలో చేరారు. నల్సా తీర్పు వచ్చాక 2015లో తన అసలు గుర్తింపుతో అదే కుర్చీలో కూర్చున్నారు. పరీక్ష పాసైన తెలివి అదే, చేసే పని అదే, దాచుకోవడానికి ఖర్చయ్యే శక్తి ఒకటి మిగిలింది. కటక్‌లో సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రాన్ని ట్రాన్స్‌జెండర్ల స్వయం సహాయక సంఘం చేతికి అప్పగించారు. 2021లో ఒడిశా పోలీసు శాఖ ఎస్సై, కానిస్టేబుల్ ఉద్యోగాలకి ట్రాన్స్‌జెండర్ల దరఖాస్తులు తీసుకుంది. అటు తెలంగాణలో, ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివిన ప్రాచీ రాథోడ్, ఆమెతో పాటు రూత్ జాన్ పాల్, 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ డాక్టర్లుగా చేరారు. డాక్టర్ దగ్గరకి వెళ్లాలంటేనే భయపడే వాళ్లకి, లోపల కూర్చున్న డాక్టరే తమ మనిషి అయితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. 2011 జనాభా లెక్కల్లో ఒడిశాలో 20 వేల మందికి పైగా ఆడ, మగ కాకుండా ఇతరులు అన్న గడిలో నమోదయ్యారు, అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని మా నమ్మకం, ఎందుకంటే లెక్కలు రాసే మనిషి ముందు, పక్కన నాన్న నిలబడి ఉండగా, ఆ మాట చెప్పగలిగిన వాళ్లు ఎంతమంది?

ఇలా మంచిమంచి మాటలు రాస్తే పిల్లలు చూసి నేర్చుకుంటారని కొందరు పెద్దలు మమ్మల్ని తిడతారు, మాకు తెలుసు. ట్రాన్స్‌జెండర్ కావడం పేపర్ చదివితే వచ్చేది కాదు, చదవకపోతే పోయేదీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో దీన్ని మానసిక రోగాల జాబితా నుంచి తీసేసింది. అదే 2022లో మన జాతీయ వైద్య కమిషన్ ఇలాంటి వాళ్లని "మారుస్తాం" అని చేసే వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని రాష్ట్ర వైద్య మండళ్లకి తెలియజేసింది. అంటే డబ్బు తీసుకుని మీ పిల్లని మారుస్తానన్న డాక్టరే తప్పు చేస్తున్నాడు, మీ పిల్ల కాదు.

కాబట్టి మేము అడిగేవి ఇవి. కలెక్టర్ ఆఫీసుల్లో ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు కార్డుల పని చూసే చోట తెలుగు వచ్చిన వాళ్లు ఒకరైనా ఉండాలి, ఎందుకంటే ఒడియా చదవలేని తెలుగు అమ్మానాన్నలు ఇక్కడ ఇంకా ఉన్నారు, పిల్లతో పాటు వచ్చే ఆ కొద్దిమందిని భాష పేరుతో వెనక్కి పంపకూడదు. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్‌లో ట్రాన్స్‌జెండర్లకి చోటు ఉందని పంచాయతీల్లో తెలుగులో కూడా రాసి పెట్టాలి. అమ్మవారి సంబరాల కమిటీలు వాళ్ల చేత ఆడించుకోవడంతో సరిపెట్టకుండా కమిటీలో కూర్చోబెట్టాలి. బడుల్లో ఏడిపించే పిల్లల్ని టీచర్లు ఆపాలి, తామే నవ్వకుండా ఉండాలి.

ఇక అమ్మలకి, నాన్నలకి, అప్పలకి, మావయ్యలకి. మీ పిల్ల ఒకరోజు వచ్చి నేను మీరనుకున్న మనిషిని కాదు అని చెబితే, అది చెప్పడానికి ముందు ఎన్నో రాత్రులు పడుకోకుండా మాటలు కూడబలుక్కుని ఉంటుంది. దిష్టి తీయించొద్దు, తాయెత్తు కట్టించొద్దు, హడావుడిగా సంబంధం చూడొద్దు. ఏమని పిలవమంటావు అని అడగండి. చెప్పిన పేరుతో పిలిచి, భోజనానికి రమ్మనండి.