మానేసిన పూట ఖర్చు ఎవరిది?

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు, అంటే తపస్సు కాలం వచ్చిందంటే కతోలికుల మధ్య చర్చ మాంసం మానడం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఉపవాస నిబంధన తెలిసిందే. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఒక్కపూటే కడుపునిండా తినాలి. మిగతా రెండుసార్లు తిన్నది కలిపినా ఒక పూట భోజనమంత కాకూడదు. సరే, పాటించాం. మరి ఆ తగ్గించిన తిండి ఎక్కడికి పోయినట్టు?

రెండో శతాబ్దపు క్రైస్తవ గ్రంథం 'హెర్మాసు కాపరి' దీనికి మొహమాటం లేకుండా జవాబిచ్చింది. ఉపవాసం నాడు రొట్టె, నీళ్లతో సరిపెట్టుకో. మామూలుగా తింటే ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టు. ఆ మొత్తం వితంతువుకో, అనాథకో, లేనివాడికో ఇచ్చెయ్. తోచినంత ఇమ్మనలేదు, లెక్కగట్టమంది! అదే శతాబ్దంలో ఆథెన్సు తత్వవేత్త అరిస్తీడు రోమా చక్రవర్తికి క్రైస్తవుల గురించి విన్నవిస్తూ, పేదవాడికి పెట్టడానికి ఇంట్లో మిగులు లేకపోతే వీళ్లు రెండు మూడు రోజులు పస్తుండి మరీ పెడతారని రాశాడు. అక్కడ పస్తు ఉన్నదే పెట్టడానికి. ఐదో శతాబ్దంలో మహా లియో పోపు కూడా, ఉపవాసి మానుకున్నదే పేదవాడి భోజనం కావాలన్నాడు. ఆకలిగొన్నవాడికి నీ రొట్టె పంచడమే ఉపవాసమన్న బైబిలులోని యెషయా 58వ అధ్యాయం సరేసరి.

ఉపవాసం పశ్చాత్తాపం కోసం, దాన్ని సహాయ నిధిగా మార్చేస్తే ఆధ్యాత్మికత ఏం మిగులుతుందని కొందరంటారు. ఆకలి మనిషి గర్వాన్ని అణుస్తుందంటే కాదనను. కానీ ఆకలిగొన్నవాడికి పెట్టింది తనకే పెట్టినట్టని మత్తయి సువార్త 25వ అధ్యాయంలో క్రీస్తే చెప్పాక, ఇద్దరినీ విడదీయడానికి మనమెవరం?

అసలు జబ్బు ఇంకోటుంది. భక్తి మొత్తం 'నాకేం ఒరిగింది' అనే తూకంలో పడింది. ధ్యానం నిద్ర పట్టడానికి, మౌనం ఒత్తిడి తగ్గడానికి, ఉపవాసం బరువు తగ్గడానికి. తిండి మానిన గంటలు లెక్కపెట్టడానికి ఫోన్లో యాప్‌లు కూడా ఉన్నాయి. ఒంటికి మంచిదైతే చేసుకోండి, ఎవరొద్దన్నారు? దాన్ని తపస్సు అనకండి, అంతే. ఖర్చూ బరువూ తగ్గి, భక్తుడన్న పేరు కూడా వస్తే, లాభమంతా ఒక్కడిదే.

1975లో అమెరికాలోని అలెన్‌టౌన్ మేత్రాసనంలో (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం), ఆఫ్రికాలోని సాహెల్ కరువు చూసి 'రైస్ బౌల్' మొదలుపెట్టారు. తపస్సు కాలమంతా భోజనాల బల్ల మీద చిన్న అట్టపెట్టె ఉంటుంది, సాదాగా తిని మిగిల్చిన డబ్బు అందులో పడుతుంది. జేబులో చిల్లర వేసి చేతులు దులుపుకోవడమూ తేలికే అనుకోండి. అందుకే విభూది బుధవారం చర్చిలో గురువులు నిబంధనలు చదివేటప్పుడు హెర్మాసు లెక్క కూడా చదవాలి. చేప తినొచ్చా అన్నదానికంటే ఎక్కువ సందేహాలే వస్తాయి, రానివ్వండి.