ముందు చాసిస్ చూడండి
కొట్టంలో పాత మిలిటరీ జీపు దొరికితే ముందు ఇంజిన్ తిరుగుతుందో లేదో చూడాలని కొందరు అంటుంటారు. నేనైతే ముందు బండి కిందికి దూరి చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, చూస్తాను. మా మామయ్య వాళ్ల పశువుల కొట్టంలో గడ్డిమోపుల కింద పడున్న ఫోర్డ్ జీపీడబ్ల్యూని (రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్డ్ కంపెనీ చేసిన మిలిటరీ జీపు) బయటికి లాగితే, ఇంజిన్ మూడో రోజుకే కదిలింది. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో డీజిల్ పోసి వదిలేశాం, అంతే. చాసిస్‌ని మాత్రం పేడ తేమకి తుప్పు తినేసింది, స్ప్రింగుల దగ్గర స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలికి దిగిపోయింది! దాన్ని బాగుచేయడానికే ఏడాది పట్టింది. ఇంకోటి, తుప్పు పట్టాయని పాత బోల్టులు పారేయకండి. ఫోర్డ్ వాళ్లు బోల్టు తలల మీద కూడా 'ఎఫ్' అని గుద్దేవాళ్లు, అసలు బోల్టేనని దాన్ని బట్టి తెలుస్తుంది. రేడియేటర్ కింద అడ్డకమ్మీ గుండ్రటి పైపులా ఉంటే మాత్రం ఆ చాసిస్ ఫోర్డ్‌ది కాదు, అదే జీపు చేసిన ఇంకో కంపెనీ విల్లీస్‌ది.