చెరువు మందు, అమ్మ మోకాలు

బరంపురంలో మా ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం రెండు భాషలకూ సెలవే. చద్దన్నం తిని, తలుపులు దగ్గరగా వేసి పడుకుంటాం. మొన్న ఆదివారం ఆ నిద్రను చెడగొట్టినవాడు మా మావయ్య. ఇచ్ఛాపురంలో రొయ్యల మేత, చెరువు మందుల దుకాణం నడుపుతాడు. సరిహద్దుకు ఇవతల సోనాపురం వైపు బాహుదా నది పక్కన సొంతంగా రెండు చెరువులున్నాయి. ఒక చేతిలో అమెరికా నుంచి కొడుకు పంపిన గొట్టం మాత్రల సీసా, రెండో చేతిలో దుకాణంలోని కిలో పొడి పొట్లం పట్టుకుని వచ్చాడు. రెండింటి మీదా ఒకటే మొక్క పేరు: యుక్కా. రెండూ అమ్మ మోకాళ్ల కోసమేనట.

అక్క ఫార్మసీ పాఠాలు చెబుతుంది. మందు పేరు వింటే చాలు, నిద్రలోంచి లేచి వస్తుంది. వచ్చింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని విన్నంత రాసుకున్నాను. ఎవరి మోకాళ్ల గురించి వాదనో ఆవిడను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మావయ్య: పదేళ్లుగా దీన్ని చెరువుల్లో వాడుతున్నానమ్మాయ్. మేత ఎక్కువై అడుగున కుళ్లితే అమోనియా పెరుగుతుంది, రొయ్య మేత మానేస్తుంది. యుక్కా వేస్తే తేరుకుంటుంది. కోళ్ల షెడ్లలో కళ్లు మండే ఘాటు కూడా దీనితోనే తగ్గిస్తారు. పనిచేయని సరుకును రైతు రెండోసారి కొనడు.

అక్క: అందులో నాకు పేచీ లేదు. కుక్కల మేతలో, పిల్లుల మేతలో కలిపేది కూడా అందుకే, వాటి విసర్జన వాసన తగ్గుతుందని. కానీ అమ్మ మోకాలిలో అమోనియా లేదు మావయ్యా. అరిగిన మృదులాస్థి ఉంది.

మావయ్య: మందు ఒకటే అయినా పనులు పది ఉండకూడదా? వేపతో పళ్లూ తోముతాం, ధాన్యానికి పురుగూ పట్టకుండా చూస్తాం. ఇది అమెరికా ఎడారి మొక్క. అక్కడి ఆదివాసులు తరతరాలుగా వాడారు.

అక్క: వాడారు. ఎక్కువగా దేనికి? తల రుద్దుకోవడానికి. నవాహో, హోపీ వాళ్లు యుక్కా వేరు దంచి, నీళ్లలో నురగ తీసి తలంటుకునేవారు. పెళ్లిళ్లలో, పండగల్లో ఇప్పటికీ అది వాళ్ల ఆచారం. మన కుంకుడుకాయకు అక్కచెల్లెలన్న మాట. మరి మనం కుంకుడు రసం మోకాలి నొప్పికి తాగుతున్నామా?

(ఇక్కడ అక్క లేచి వంటింట్లోకి వెళ్లి రెండు గాజు సీసాలు తెచ్చింది. ఒకదానిలో నానిన కుంకుడు తొక్కలు, రెండోదానిలో మావయ్య పొట్లంలోంచి చిటికెడు పొడి. నీళ్లు పోసి, మూత బిగించి, రెండు చేతులతో చెరో సీసా ఆడించింది. రెండింటిలోనూ నురగ మెడ దాకా లేచింది. కుంకుడు నురగ పెద్ద బుడగలతో గలగలలాడి కిందికి దిగుతోంది. యుక్కా నురగ సన్నగా, కాచిన పాల మీద మీగడలా కదలకుండా నిలబడింది. గోధుమ రంగు నీళ్లు, పైన తెల్లటి టోపీ. మావయ్య ముఖంలో గర్వం చూడాలి, నురగ తనదే అన్నట్టు.)

అక్క: ఈ నురగ సపోనిన్ అనే పదార్థం వల్ల. అమెరికాలో రూట్‌బీర్ అనే పానీయానికి నురగ నిలవడానికి కూడా ఇదే కలుపుతారు. అందుకే ఆహారంలో కొద్దిగా వాడితే అక్కడ అభ్యంతరం లేదు. కానీ ఆహారంలో చేరినంత మాత్రాన మందైపోదు. మీరు రొయ్య పిల్ల వదిలేముందు చెరువులో చేపలు చంపడానికి ఏం చల్లుతారు?

మావయ్య: టీ సీడ్ కేకు, అదే టీ గింజల చెక్క.

అక్క: అందులో ఉన్నదీ సపోనిన్ జాతే. మొప్పల్లోంచి రక్తంలోకి చేరి చేపల ఎర్ర కణాలను పగలగొడుతుంది. రొయ్య రక్తంలో హీమోగ్లోబిన్ లేదు కాబట్టి అది తట్టుకుంటుంది.

మావయ్య: ఇది భయపెట్టే వాదన, తల్లీ. నోటితో తీసుకున్న సపోనిన్ పేగుల్లోంచి రక్తంలోకి పెద్దగా ఎక్కదని నువ్వే పోయిన సంక్రాంతికి చెప్పావు. శనగల్లోనూ ఉందన్నావు.

(ఇది మావయ్యకు దక్కిన మార్కు. అక్క ఒక్క క్షణం ఆగింది.)

అక్క: నిజమే. కానీ రక్తంలోకి ఎక్కని పదార్థం మోకాలి దాకా ఎలా వెళ్లిందో మీరే చెప్పాలి మరి.

మావయ్య: ఈ సీసాతో వచ్చిన కాగితంలో ఉంది. ఒంట్లో వాపు తగ్గించే కార్టిసోన్ అనే హార్మోను తయారీకి ఇది ముడిసరుకు అట.

అక్క: అది పచ్చి అబద్ధం. యుక్కాలో సార్ససపోజెనిన్ అనే స్టెరాయిడ్ అణువు ఉన్నమాట నిజం. రసెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త ఇలాంటి అణువుల మీదే పనిచేసి, 1940లలో మెక్సికో అడవి దుంపలోంచి ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తీశాడు. ప్రయోగశాలలో, ఘాటైన రసాయనాలతో, మెట్టు మెట్టుగా. ఆ పని చేసే ఎంజైములు మన ఒంట్లో లేవు. ఇనుప ఖనిజం మింగితే కడుపులో మేకులు తయారవుతాయా?

మావయ్య: కాగితం పోనీ. 1975లో కాలిఫోర్నియాలో బింగ్‌హామ్ అనే డాక్టరు పరీక్షించాడు. నూట నలభై తొమ్మిది మంది కీళ్లనొప్పుల వాళ్లు. కొందరికి యుక్కా బిళ్ల, కొందరికి ఉత్తుత్తి బిళ్ల. యుక్కా తిన్నవాళ్లలో నూటికి 61 మందికి వాపు, నొప్పి తగ్గాయి. ఉత్తుత్తి బిళ్లవాళ్లలో 22 మందికే. దీనికేమంటావు?

అక్క: చదివాను. కొందరు వారం వాడారు, కొందరు పదిహేను నెలలు. అరుగుదల వాళ్లూ, కీళ్లవాతం వాళ్లూ ఒకే గంపలో. అవి రెండూ వేరు జబ్బులు. కొలత ఏమిటంటే రోగి చెప్పిన మాట. ఆ తర్వాత అంతకన్నా గట్టిగా మనుషుల మీద చేసిన పరీక్ష చూపించండి. 2006లో వచ్చిన సమీక్షా వ్యాసం కూడా యుక్కా బెరడులో రెస్వెరట్రాల్, యుక్కాయోల్స్ అనే పదార్థాలు ఉన్నాయనీ, అవి వాపును తగ్గించవచ్చనీ చెబుతూ ప్రయోగశాల ఫలితాలనే ఆసరా చేసుకుంది. గాజు గిన్నెలో కణం మెత్తబడితే మోకాలు మెత్తబడినట్టు కాదు.

మావయ్య: పరీక్ష ఎందుకు చేయలేదో నేను చెబుతాను. ఎడారిలో దానంతట అది మొలిచే మొక్క మీద పేటెంటు ఎవరికొస్తుంది? కోట్లు పెట్టి పరీక్ష ఎవరు చేయిస్తారు? రుజువు లేదంటే పనిచేయదని కాదు, అడిగేవాడు లేడని. మీ రుజువైన మందు మాత్రం ఏం ఉద్ధరించింది? అక్కయ్యకు బీపీ ఉంది. నొప్పి బిళ్ల వేసుకుంటే కిడ్నీలకు దెబ్బ అని మీ డాక్టరే అంటాడు, మళ్లీ ఆయనే రాస్తాడు.

(ఈ మాటకు నేనూ తల ఊపాను. అమ్మ దిండు కింద నొప్పి బిళ్లల అట్ట నేనూ చూశాను.)

అక్క: నొప్పి బిళ్లలు తగ్గించాలన్నది నా మాట కూడా. అందుకే తొడ కండరాలకు వ్యాయామం రాసిచ్చాను. కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించడం.

మావయ్య: ఆ కాగితం గోడ మీద ఉంది కదా. ఆరు నెలలుగా వ్యాయామం అదే చేస్తోంది.

(అందరం నవ్వాం. అక్క కూడా.)

మావయ్య: ఇక దాచను. ఇరవై రోజులుగా నేనే వేసుకుంటున్నాను. పొద్దున్నే గ్లాసు నీళ్లలో అర చెంచా. నా మోకాలు నిమ్మళించింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అక్క: ఈ సీసా బిళ్లలా?

మావయ్య: అవి మీ అమ్మకని మూత కూడా తీయలేదు. దుకాణం పొడి.

(అక్క పొట్లం తిప్పింది. వెనక, మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: జలచరాల సాగుకు మాత్రమే. తను పదేళ్లుగా అమ్ముతున్న పొట్లాన్ని మావయ్య అటువైపు ఎప్పుడూ తిప్పినట్టు లేదు.)

అక్క: ఇందులో యుక్కా ఎంత, పొడి పెరగడానికి కలిపింది ఏమిటి, ఎక్కడైనా రాసుందా? అది సరే, మీ చెరువుల్లో రొయ్యలు ఎప్పుడు పట్టారు?

మావయ్య: నెల కావస్తోంది.

అక్క: అంటే నెల రోజులుగా రాత్రీ పగలూ గట్ల మీద తిరగడం లేదు, రొయ్య మేత తిందో లేదో చూసే చెక్ ట్రేలు వంగి లాగడం లేదు. మోకాలు నిమ్మళించక ఏం చేస్తుంది? మళ్లీ పిల్ల వదిలాక చెప్పండి.

మావయ్య జవాబు వెతుక్కుంటూ ఉండగా అమ్మ మంచం మీద నుంచి మెల్లగా లేచింది. రెండు సీసాలనూ వెలుతురుకు ఎత్తి చూసింది. కుంకుడు నురగ అప్పటికి సగానికి పడిపోయింది, యుక్కాది ఇంకా నిలిచే ఉంది. మూత తీసి రెండు వేళ్లతో తీసుకుని, కొంగు అంచున ఉన్న నూనె మరక మీద రుద్దుకుంది.

“ఒరేయ్ తమ్ముడూ, ఇది పట్టుచీరకు పనికొస్తుందేమోరా,” అంది.

పొడి పొట్లాన్ని మావయ్య తిరిగి తీసుకెళ్లాడు. అమెరికా సీసా మా అలమారలోనే ఉంది, సీలు ఊడలేదు. నిన్న సాయంత్రం అమ్మ కుర్చీలో కూర్చుని కాలు చాపి లెక్కపెడుతోంది. ఆరు దగ్గర దించేసింది.